గావాలె అని రాయాల్సిన చోట

హాస్టల్లో చేరిన మొదటి వారంలోనే మా పేర్లు పోయాయి. ఒకదాన్ని జనగామ అన్నారు, ఒకదాన్ని భూపాలపల్లి అన్నారు, నన్ను మానుకోట అన్నారు. మహబూబాబాద్ అని రైల్వేవాళ్లూ సర్కారువాళ్లూ రాసుకుంటారు గానీ మా వైపు నోళ్లలో అది మానుకోటే. నిజానికి మాది మానుకోట కూడా కాదు, కురవి పోయే దారిలో దిగి లోపలికి నడిస్తే వచ్చే తండా. తండా పేరు చెబితే మళ్లీ మళ్లీ అడుగుతారని నేనే మానుకోట అని చెప్పేశాను. మెస్సులో వరసలో నిలబడితే వెనక నుంచి "ఓ మానుకోటా, జర జరుగు" అని కేక వచ్చేది. ఆ పిలుపు నాకెంత ఇష్టమో చెప్పలేను. ఊరంత ఊరిని నా ఒక్కదాని పేరున రాసిచ్చినట్టు మురిసిపోయేదాన్ని.

జనగామ దర్జీ బిడ్డ. ఇంట్లో దక్కనీ, బయట తెలుగు, రెండింట్లోనూ నిదానం. భూపాలపల్లి వాళ్ల బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. దాని నోరు పెద్దది, చెయ్యి అంతకంటే పెద్దది. అంగడికి పోతే ధర అడగకముందే సంచిలో వేసుకునే రకం. ఇక నేను తెలుగు ఎమ్మే. నా అవస్థ అంతా ఆ ఎమ్మేతోనే వచ్చింది.

మా ఇంట్లో లంబాడీ మాట. తెలుగు నాకు వీధిలో దొరకలేదు, బడిలో దొరికింది. వాచకంలో ఎలా ఉంటే అలా నేర్చుకున్నాను, మార్కులు తెచ్చుకున్నాను, చివరికి అందులోనే పెద్ద చదువుకు వచ్చాను. హాస్టల్లో అందరూ "వచ్చినం, పోయినం, ఎట్లనే" అంటుంటే నేను "వచ్చాము, వెళ్లాము, ఎలాగ" అనేదాన్ని. "గీమె మాట్లాడితె టీవీల వార్తలు సదివినట్టె ఉంటది" అని నవ్వేవాళ్లు. ఆ నవ్వులో విషమేమీ లేదు. అయినా నాకు మండేది. అవి మా రాష్ట్రం మాకు కావాలని ఊరూరా రోడ్డెక్కిన రోజులు. మా మాటను ఏళ్ల తరబడి సినిమాల్లో వెక్కిరించారని అందరూ ఉడికిపోతున్న రోజులు. అలాంటప్పుడు నా నోట్లోంచి వచ్చేదేమో ఆ వెక్కిరించినవాళ్ల మాటలాగే ఉండేది. ఊరేగింపులో ఎంత గొంతు చించుకున్నా మనసులో ఒక మూల అదే భయం. వీళ్లు నన్ను తమ మనిషి అనుకుంటున్నారా, చుట్టపుచూపుగా వచ్చినదాన్ని అనుకుంటున్నారా? ఎలాగైనా సరే వాళ్లదాన్ని అనిపించుకోవాలి. ఆ రెండేళ్లలో నాకు ఉన్న పెద్ద కోరిక అదే.

ఉద్యమం రోజుల్లో విద్యార్థులు సరదాలు మానేసి కూర్చున్నారని ఎవరైనా రాస్తే నమ్మకండి. పొద్దున రాస్తారోకో, మధ్యాహ్నం మిరపకాయ బజ్జీలు. బంద్ అంటే క్లాసులు లేవు, క్లాసులు లేవంటే ఊరంతా మాదే. బస్సులు తిరగని రోడ్డు నడిమధ్యలో ముగ్గురం చేతులు పట్టుకుని నడిచేవాళ్లం. ఇంత వెడల్పు రోడ్డు ఉందా మనకు అని ఆశ్చర్యపోయేవాళ్లం! స్కాలర్‌షిప్పు పడిన వారం హాస్టలంతా పెళ్లివారిల్లే. ఒకతి సెల్లులో మెసేజీల ప్యాకు వేయించుకునేది. ఒకతి అరిగిన చెప్పులు మార్చేది. ఇంకొకతి ఏదో క్రీము తెచ్చి అందరి ముఖాలకూ పూసి, ఎవరు తెల్లబడ్డారో చూడమని అద్దం పట్టుకుని గదిగదికీ తిరిగేది. మా ముగ్గురికీ మాత్రం ఒక బిస్కెట్ల డబ్బా ఉండేది. మిగిలిందంతా అందులో వేసేవాళ్లం. నెలకొకసారి డబ్బా విప్పి ముగ్గురిలో ఒకరి ఊరికి పోయి ఖాళీ చేసుకుని రావాలి. అదీ మేం పెట్టుకున్న చట్టం.

భూపాలపల్లికి జీతాలు పడ్డాక వచ్చే ఆదివారం పోయేవాళ్లం. ఆ రోజు ఆ ఊరి అంగడిని చూడాలి! బాయి పని చేసేవాళ్లు తలంటుకుని, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, పెళ్లాం పిల్లలతో తిరుగుతుండేవాళ్లు. ఎంత రుద్దినా పోని బొగ్గు మాత్రం వాళ్ల కళ్ల చుట్టూ కాటుకలా ఉండేది. ఒకపక్క మటన్ కొట్టు, ఒకపక్క జిలేబీల మూకుడు, నేలమీద పరిచిన దుప్పట్లు, ప్లాస్టిక్ పూలు, పిల్లల బూరలు. భూపాలపల్లి మా ఇద్దరినీ చెరో చేత్తో లాక్కుపోతూ "తినుండ్రే, మా బాపుకు జీతం పడ్డది" అని ఊరంతా వినేలా అరిచేది. తినలేక తినలేక తిని, తిరుగు బస్సులో కడుపు పట్టుకుని కూర్చునేవాళ్లం.

మా వైపు వంతు వస్తే మానుకోట స్టేషన్ బయటి బజ్జీలు, శివరాత్రి రోజులైతే కురవి జాతర. ఒకసారి జాతరలో గాజుల కొట్టు దగ్గర నేను ముందుకు పోయి "నాకు ఆ నీలం రంగు గాజులు కావాలి, ధర ఎంత?" అన్నాను. కొట్టు ఆమె నన్ను కిందినుంచి మీదిదాకా చూసి, పట్నం పిల్ల దొరికిందనుకుని, ఒక ధర చెప్పింది. భూపాలపల్లి నన్ను పక్కకు నెట్టి, "అక్కా, గా నీలంయి గావాలె, సక్కగ చెప్పు" అంది. ధర సగానికి పడింది. నా సొంత జాతరలో నేను పరాయిదాన్ని అయ్యాను, ఎక్కడో బొగ్గుబాయి దగ్గర పుట్టిన పిల్ల ఊరిదైంది. అందరితో పాటు నేనూ పగలబడి నవ్వాను. గాజులు మాత్రం హాస్టలుకు తిరిగి వచ్చేదాకా వేసుకోలేదు.

జనగామ వంతంటే సినిమా. ఆ నెల డబ్బా బాగా బరువుగా ఉంది. కొత్త సినిమా వచ్చిందని తెలిసి పొద్దున్నే పాసింజరెక్కాం. జనగామ వాళ్ల నాన్న, అది పిలిచేట్టే మేమూ అబ్బా అనేవాళ్లం, మాకు ముందే టికెట్లు తెప్పించి పెట్టాడు. పాట వస్తే కాగితాలు ఎగిరేవి, ఫైటు వస్తే కుర్చీలు ఊగేవి. నేను ఈల వేయడం నేర్చుకున్నది ఆ హాల్లోనే, ఆ మధ్యాహ్నమే. ఇంటర్వెల్ తర్వాత తెర మీదికి ఒక పనివాడు వచ్చాడు. తాగి తూలుతున్నాడు. అప్పటిదాకా అందరూ పుస్తకం తెలుగు మాట్లాడారు, వాడు ఒక్కడే మా మాట మాట్లాడాడు. "గట్లనా దొరా" అన్నాడు. హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. పక్కకు తిరిగి చూస్తే భూపాలపల్లి నవ్వడం లేదు. చేతిలో సమోసా అలాగే ఉంది.

"మా తాత గట్లనే అంటడే," అంది. "తాగడు, తూలడు. గని గట్లనే అంటడు."

నవ్విన నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నాను. సినిమా అయ్యాక నేరుగా స్టేషనుకు నడిచాం. ప్లాట్‌ఫాం మీద బెంచీ ఎక్కి నిలబడి భూపాలపల్లి చెప్పింది, "ఇగ మన డబ్బల పైసలు వాళ్లకు పోవద్దు. ఒక్క పైస పోవద్దు."

"మరి దేనికి పెడదమే?" అంది జనగామ.

"టీషర్ట్లు కొట్టిపిద్దం! మన మాట మనం ఏసుకొని తిరుగుదం!"

బెంచీ మీద దాని పక్కన నేనూ ఎక్కాను. ఎందుకెక్కానో తెలియదు, కాళ్లు నిలవలేదు. ఇంకో రెండు వారాల్లో మానుకోటలో వంటావార్పు ఉంది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, బండ్లన్నీ ఆపేసే నిరసన అది. మా హాస్టలు నుంచి అమ్మాయిలందరం పోవాలని అప్పటికే అనుకున్నాం. టీషర్టులు వేసుకుని పోతే!

రైలు దిగి హాస్టలుకు చేరేసరికి వార్త మాకంటే ముందే చేరినట్టుంది, మా అంతస్తు అంతస్తే ఎగబడింది. నలభై మంది దాకా పేర్లిచ్చారు. సైజుల దగ్గర గొడవ, మెడ గుండ్రంగా ఉండాలా కాలరు ఉండాలా అని గొడవ. చెంపపిన్నులు కొనడానికి దాచుకున్నది కూడా తెచ్చి మా డబ్బాలో వేశారు. రంగు దగ్గర అన్నిటికంటే పెద్ద గొడవ. ఏ రంగు చెప్పినా ఎవరో ఒకరు "అది ఫలానా పార్టీది" అనేవాళ్లు. చివరికి తెలుపు మిగిలింది. ఏం రాయాలన్నది మాత్రం గొడవ కాలేదు. రోజూ రోడ్డు మీద అరిచేదే: మా తెలంగాణ మాకు గావాలె.

ఎవరు రాయాలన్నది అసలే గొడవ కాలేదు. "మానుకోట రాస్తది. తెలుగు ఎమ్మే గదా. అక్షరాలు ముత్యాలు" అన్నారు. నేను గాల్లో తేలిపోయాను. ఆ సాయంత్రం గది నిండా అమ్మాయిలు. మంచాల మీద, కిటికీ గట్టు మీద, తలుపు బయట. నేను నేలమీద తెల్ల కాగితం పరిచి నల్ల స్కెచ్ పెన్ను పట్టుకున్నాను. వెనక నుంచి భూపాలపల్లి నా భుజం మీద గడ్డం ఆనించి చూస్తోంది. చుట్టూ అందరూ నినాదం అరుస్తుంటే ఆ అరుపు మధ్యలో నేను ఒక్కో అక్షరం గుండ్రంగా దిద్దాను. అయ్యాక కాగితం పైకెత్తి చూపిస్తే చప్పట్లు మోగాయి. బడిలో ఎన్ని బహుమతులు తెచ్చుకున్నా ఆ చప్పట్లకు సాటి రావు. ఇక నేను వీళ్లదాన్నే అనుకున్నాను.

జనగామ కాగితాన్ని మడిచి పుస్తకంలో పెట్టుకుని శనివారం ఇంటికి తీసుకుపోయింది. వాళ్ల అబ్బా దుకాణం పక్కనే ఫ్లెక్సీలూ బట్టల మీద అచ్చులూ కొట్టే ఒకాయన ఉన్నాడు. తెలిసిన మనిషి, తక్కువకు చేస్తానన్నాడు. తర్వాతి శుక్రవారం తనే మళ్లీ పోయి, గట్టిగా కుట్టేసిన గోనెమూట ఒకటి మోసుకొచ్చింది.

మూట విప్పడానికి కత్తెర తెచ్చేదాకా ఆగలేదు, పళ్లతో దారం తెంపారు. కొత్త బట్ట వాసనా రంగు వాసనా కలిసి గదంతా నిండింది. ఎవరికి వాళ్లు గుంజుకుని గుండెల మీద పెట్టుకుని చూసుకుంటున్నారు. భూపాలపల్లి ఒకటి పైకెత్తి, ఊరేగింపులో అరిచినట్టే రాగం తీసి చదవబోయింది. "మా తెలంగాణా... మాకూ..." అని ఆగిపోయింది.

"గిదేందే?"

అందరం చూశాం. మా తెలంగాణ మాకు కావాలి. నలభై టీషర్టుల మీదా కావాలి.

 అందరికంటే ముందు అరిచింది నేనే. "దిద్దాడు! మన మాటను దిద్దాడు! జనగామలో పుట్టి, జనగామలో తిని, మన మాట తప్పని దిద్దుతాడా?" నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆ రోజు నెత్తికెక్కింది. సోమవారమే వంటావార్పు. తెల్లారి శనివారం పొద్దున పాసింజరులో ముగ్గురం మూటతో సహా బయలుదేరాం. దారంతా నేనే మాట్లాడాను. ఆయన్ను ఏమేం అడగాలో, ఎలా కడిగెయ్యాలో వరసగా చెప్పాను. భూపాలపల్లి నా వైపు కొత్తగా చూసింది. "నీకు గింత రోషం ఉన్నదా!" అంది. ఆ మాటకు ఇంకా రెచ్చిపోయాను.

అచ్చుకొట్టాయన ఒక ఫ్లెక్సీని నేలమీద పరిచి అంచులు కత్తిరిస్తున్నాడు. నడివయసు మనిషి, చేతులకు ఏడు రంగులు. మూట ఆయన ముందు పడేసి నేను మొదలుపెట్టాను. ఏమన్నానో మొత్తం గుర్తులేదు. "మీలాంటివాళ్ల వల్లే సినిమావాళ్లకు అంత అలుసు" అన్నది మాత్రం గుర్తుంది, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. బయట నలుగురు నిలబడి చూడసాగారు.

"నాకిచ్చింది చూసే కొట్టిన చెల్లె," అన్నాడాయన. "నా సొంతంగ ఒక్క అక్షరం మార్చలే."

"అబద్ధం!" అన్నాను.

ఆయన లేచి, గోడకున్న ఇనుప తీగకు గుచ్చిన కాగితాల్లో వెతికి ఒకటి లాగాడు. వెలుతురు వైపు పట్టుకుని చదివాడు. స్కెచ్ పెన్ను రాత కాగితం వెనకవైపుకి దిగి, తిరగబడిన అక్షరాలు నాకు కనిపిస్తున్నాయి. నా గుండ్రటి రాత. చివర గుడి. ఎత్వం కాదు, గుడి. తిరగేసి చూసినా అది కావాలి తప్ప ఇంకోటి కాదు.

ఆయన కాగితంలోంచి తలెత్తి జనగామ వైపు చూశాడు. తెచ్చిచ్చింది ఆ పిల్లే కాబట్టి రాసింది కూడా ఆ పిల్లే అనుకున్నట్టున్నాడు. పక్క దుకాణం బిడ్డ, నలుగురిలో ఎందుకు చిన్నబోవాలి అనుకున్నాడేమో, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "తప్పు నాదేలే బిడ్డా. రేపటికల్ల మల్ల కొట్టిస్త. పైసలేం వద్దు. మీరు గా పనికే గదా పోయేది."

భూపాలపల్లి గెలిచినట్టు నా భుజం చరిచింది. ఆయన పైన అటక మీదినుంచి కొత్త తెల్ల టీషర్టుల కట్ట దించుతున్నాడు. అవి ఆయన ఇంకెవరికో అమ్ముకోవాల్సినవి. నేను నోరు తెరవకుండా ఉంటే సరిపోతుంది. సోమవారం కొత్తవి వేసుకుని పోతాం, కడిగేసి వచ్చిందని హాస్టలంతా నన్ను నెత్తిన పెట్టుకుంటుంది. నోరు తెరిస్తే నేను మళ్లీ టీవీలో వార్తలు చదివేదాన్నే. మాటను దిద్దినవాడిని తిట్టడానికి వచ్చి, దిద్దింది నేనే అని ఎలా చెప్పను? ఆయన రంగు డబ్బా మూత తీస్తున్నాడు. 

"అన్నా, ఆగు. అది రాసింది నేను."

భూపాలపల్లి నా వైపు తిరిగింది. ఆయన దగ్గరికి పోయి, చెయ్యి చాపి కాగితం తీసుకుని చదివింది. మళ్లీ చదివింది. నేను నేలచూపులు చూస్తూ నిలబడ్డాను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "తెలియకుండానే రాశాను," అన్నాను. "మీరంతా గావాలె అని అరుస్తున్నారు. నా చెవి అదే విన్నది. చెయ్యి మాత్రం ఇది రాసింది."

"నేను రైల్ల చదివిన," అంది జనగామ మెల్లగా. "రెండుసార్లు చదివిన. నాకు తప్పని కొట్టనే లేదు."

భూపాలపల్లి ఇంకా కాగితం వైపే చూస్తోంది. దాని మొహం వింతగా మారింది. "నువ్వు రాస్తాంటె నీ భుజం మీదికెళ్లి చూస్తనే ఉన్నగదనే. ఒక్కొక్క అక్షరం చూసిన. మస్తున్నదని గూడ అంటి." కాగితం దించి, "నా నోరేమో గావాలె అని ఒర్రుతనే ఉన్నది," అంది.

ముగ్గురం ఒకరి ముఖాలొకరు చూసుకున్నాం. అచ్చుకొట్టాయన రంగు డబ్బా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "నిజం చెప్పాల్నా చెల్లె?" అన్నాడు. "మీరు గావాలె అని రాసిస్తే, పిల్లలు తప్పు రాసిన్రని నేనే కావాలి అని దిద్దేటోన్ని."

మొదట నవ్వింది ఎవరో తెలియదు. ఆపలేకపోయాం. భూపాలపల్లి ఆ ఫ్లెక్సీ మీదే కూలబడి నవ్వింది, ఆయన డబ్బా కింద పెట్టి కళ్లు తుడుచుకున్నాడు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. రెండేళ్లుగా నా ఒక్కదానికే ఉందనుకున్న తెగులు అందరికీ ఉంది! అందరం ఒకే బడిలో చదివినవాళ్లమే. నోరు ఇంటిది, చెయ్యి బడిది. ఇది రాస్తున్న నా చెయ్యి కూడా ఇంకా అదే, మీరు చూస్తూనే ఉన్నారు.

కొత్తవి వద్దన్నాం. ఆయన వినలేదు, మేమూ వినలేదు. అప్పుడు జనగామ అంది, "మన పేపర్ల తప్పుంటె సార్లు ఏం చేస్తరు? ఎర్ర పెన్నుతోని కొట్టేసి పైన రాస్తరు. మనం గూడ గదే చేద్దం."

ఎంత నిదానం మనిషి, ఎంత మాట అన్నది! భూపాలపల్లి దాన్ని ఎత్తుకుని గిరగిరా తిప్పింది. బట్ట మీద నిలిచే ఎర్ర రంగూ సన్నటి కుంచెలూ ఆయనే ఇచ్చాడు. పక్కన జనగామ వాళ్ల అబ్బా దుకాణంలో ఇస్త్రీబల్ల మీద ఒక్కో టీషర్టు పరిచారు. కొట్టేయాల్సింది నేనే అని తీర్మానం చేశారు. మొదటిదాని మీద కుంచె ఎత్తి, రెండుసార్లు దించేశాను. అచ్చులో చక్కగా, ఏ తప్పూ లేకుండా ఉన్న మాట మీద ఎర్ర గీత గీయడం నా వల్ల కాలేదు. "గియ్యవే!" అని భూపాలపల్లి అరిచింది. గీశాను. దాని పైన గావాలె అని రాశాను. రెండోదానికి జంకు తగ్గింది. పదోదానికి గీత కసిగా, బారుగా, చంక దాకా పోయింది. నేను రాస్తుంటే జనగామ ఆరబెట్టింది. వాళ్ల అబ్బా వాటి మీద పాతబట్ట వేసి ఇస్త్రీ చేశాడు. భూపాలపల్లి టీ తెచ్చింది, బజ్జీలు తెచ్చింది, దుకాణం ముందు ఆగినవాళ్లందరికీ కథ చెప్పింది. పాలకుర్తి ఆటోవాళ్లు ఇద్దరు "మాకు గూడ కొట్టిస్తరా?" అని అడిగిపోయారు.

సోమవారం మానుకోట రోడ్డు మీద పొయ్యిలు వెలిగాయి. అబ్బా, ఆ రోజు! మూడు రాళ్లు, మూడు రాళ్లు, కనుచూపు మేరా మూడేసి రాళ్ల పొయ్యిలే. బియ్యం ఎవరిదో, పప్పు ఎవరిదో, గరిటె ఎవరిదో. దంతాలపల్లి నుంచి ట్రాక్టరు నిండా మనుషులు దిగారు. మేం నలభై మందిమి తెల్ల టీషర్టుల్లో, గుండెల మీద ఎర్ర గీతలతో, వరసగా నడిచి వచ్చాం. జనం మొదట ఏదో తప్పు జరిగిందనుకుని దగ్గరికి వచ్చి చూశారు, చదివారు, అర్థమై ఈలలు వేశారు. ఒకాయన పరుగెత్తుకొచ్చి "గిది ఎవలు దిద్దిన్రు?" అని అడిగాడు. "మా మానుకోట!" అని నలభై గొంతులు. నాకు ఆకలి లేదు, ఎండ తెలియలేదు.

నేను పొయ్యి పక్కన కూర్చుని పప్పు వడ్డిస్తుంటే మా తండా ఆడవాళ్లు కట్టెలమోపులు తలల మీద పెట్టుకుని వచ్చారు. వాళ్లలో మా యాడి ఉంది. మా మాటలో అమ్మను యాడి అంటాం. మిరపతోటల కూలి ఆ రోజుకు మానుకుని వచ్చింది. మోపు దించి నేరుగా నా దగ్గరికి వచ్చి, ఎలా ఉన్నావని కూడా అడగకుండా నా టీషర్టు మీద వేలు పెట్టింది. ఏం రాసి ఉందో చెప్పమని మా మాటలో అడిగింది. చదివాను.

"గట్లనే రాసి ఉన్నదా? నాకోసం మార్చి చెప్తున్నవా?" ఈసారి తెలుగులో అడిగింది, మానుకోట అంగట్లో నేర్చుకున్న తెలుగులో. ఒక్కో అక్షరం కింద వేలు జరుపుతూ చూపించాను. కింద కొట్టేసింది ఏమిటంది. పుస్తకంలో ఉండే మాట అన్నాను. కాసేపు ఆ గీతనే చూసింది. తర్వాత భూపాలపల్లి వైపు తిరిగి, "బిడ్డా, నాకొకటి గావాలె," అంది.

నా బుద్ధెరిగాక ఆమె తనకోసం ఏదైనా అడగడం నేను వినలేదు. భూపాలపల్లి సంచిలోంచి, సైజు తప్పుతుందేమోనని అదనంగా కొట్టించిన ఒక్కటీ తీసి, ఆమె అద్దాల రవిక మీదే తొడిగేసింది. రోడ్డంతా ఈలలు. అన్నిట్లోకీ పెద్ద ఈల నాదే. యాడి సిగ్గుపడింది గానీ తీయలేదు. దాన్ని కిందికి లాగి సర్దుకుంటూ నా పక్కన తారు మీద కూర్చుని, మా మాటలో, నాకొక్కదానికే వినిపించేలా అడిగింది.

"వీళ్ల మాట రాశారు, బాగుంది. మన మాట ఎప్పుడు రాస్తారు?"

పప్పు గరిటె నా చేతిలో ఆగిపోయింది. నలభై టీషర్టులు దిద్దినదాన్ని. నోటిమాటకూ చేతిరాతకూ మధ్య ఇంత దూరం ఉందని రెండు రోజుల కింద కళ్లనీళ్లు పెట్టుకున్నదాన్ని. వీళ్లదాన్ని అనిపించుకోవడానికి రెండేళ్లు తహతహలాడినదాన్ని. నేను పుట్టగానే విన్న మాట ఒకటుందనీ, దాన్నీ రాయవచ్చనీ ఆ నిమిషం దాకా నాకు తట్టనే లేదు. సిగ్గూ సంతోషమూ రెండూ ఒక్కసారే వచ్చాయి. ఆమె వైపు తిరిగి, అంతమందిలో మొదటిసారి, గొంతు తగ్గించకుండా మా మాటలో అడిగాను. "ఏం రాయమంటావు యాడీ?"

జనగామ, భూపాలపల్లి ఇద్దరూ తలెత్తి చూశారు. నా నోట ఆ మాట వాళ్లెప్పుడూ వినలేదు.

"ముందు అన్నం తిను," అంది యాడి.